దుత్తలూరు దాటని సరుకు

జయపాల్ క్యానును తలకిందులు చేసి, అడుగున మిగిలిన నీళ్ళు రెండుసార్లు గిరగిర తిప్పి పారబోశాడు. మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. దీంట్లో ఎవరో డీజిలు పోసి ఉంటారని అతనికి ప్రతి క్యాను మీదా అనుమానమే.

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో నారాయణయ్య నీళ్ళ ప్లాంటు ఉంది. అందులో క్యాన్లు కడిగి నింపడం జయపాల్ పని. వెనక గది అతని ఇల్లు. కువైట్‌లో పనికి వెళ్ళి ఉన్నన్నాళ్ళూ అతని పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉండేది. అప్పటినుంచి ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ముందు వాళ్ళ చేతులు చూస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి విడిచాక, ఆ గదిలో బల్ల మీద ఎడారి పటం పరుస్తాడు. పసుపు గడులు, నడుమ బావులు, అంచున సముద్రం. గోరంత ట్యాంకులు ఒక పెట్టెలో, లారీలు ఇంకో పెట్టెలో. కువైట్‌లో పనిచేసిన ఇంటి ముసలాయన, తనకు ఎదురుగా కూర్చుని ఆడే స్నేహితుడు చనిపోయాక, ఇతన్ని కూర్చోబెట్టి నేర్పిన యుద్ధం ఆట అది. ముసలాయన ఏ నియమమూ ముందు చెప్పేవాడు కాదు. ఓడగొట్టాక చెప్పి నవ్వేవాడు. తాను మాత్రం అన్నీ చెప్పాకే ఆడించాలని జయపాల్ ఒట్టు పెట్టుకున్నాడు. పటం మీది పేర్లు కొత్తవాళ్ళకు నోరు తిరగకపోతే ఊళ్ళ పేర్లు పెట్టేశాడు. ఓడరేవు ఆత్మకూరు. నడిమి బావి దుత్తలూరు. అవతలి కొండకోట ఉదయగిరి.

ఆ పేర్లే చిక్కు తెచ్చాయి. కిందటి వారం ఆటలో అతను గట్టిగా, "దుత్తలూరు దాటకముందే సరుకు ఆపెయ్యాల" అన్న మాట గోడ దాటింది. ఊళ్ళో ఇప్పుడు సరుకు అనే మాట గొంతు తగ్గించి అంటే బియ్యం, పప్పు కాదు, గంజాయి. మర్నాడు నారాయణయ్య వచ్చి నిలదీశాడు.

"ఏంది జయపాలూ, నా ప్లాంటులో సరుకు మాటలు? ఇంకోసారి వినబడిందా, గదీ ఉండదు, పనీ ఉండదు."

ఈ ఆదివారం ఆటకు కొత్తగా ఇద్దరు వచ్చారు. ఆసుపత్రిలో నర్సు లిఖిత, బస్సు కండక్టరు డేవిడ్‌రాజు. లిఖిత వస్తూనే పటం మీదికి వంగింది. డేవిడ్‌రాజు మాత్రం అటక వైపు చూశాడు, క్యాన్ల వైపు చూశాడు, మంచం కిందికీ చూశాడు. చొక్కా జేబులోంచి ఫోను సగం బయటికి ఉంది, దాని కెమెరా కన్ను ఇటే. నారాయణయ్య పంపిన మనిషే, అనుకున్నాడు జయపాల్.

"పాచికలుండాయే, జూదం గాదు గదన్నా? మా పాస్టరుగారికి తెలిస్తే నా వీపు చీరేస్తాడు" అన్నాడు డేవిడ్‌రాజు.

"ఈడ పోయేది ప్రాణాలే. రూపాయి పోదు."

"అవి పోయేది వార్డులో రోజూ చూస్తానే ఉండా అంకుల్. ఆదివారం కూడానా!" అని లిఖిత నవ్వింది.

ట్యాంకు ఎలా నడవాలో, ఇసుకదిబ్బ ఎక్కితే ఎందుకు నెమ్మదిస్తుందో జయపాల్ చెప్పాడు. లారీల పెట్టె మూత మాత్రం తీయలేదు. సరుకు సంగతి మింగేశాడు.

ఆట మొదలైంది. ఆయిలు అక్కర్లేని ట్యాంకులు ఎడారిని సందు దాటినట్టు దాటేశాయి. చూస్తుండగానే డేవిడ్‌రాజు ఉదయగిరి ఎక్కి కూర్చున్నాడు. గెలిచిన మొహం కాదది.

"ఇంతేనా అన్నా? ఇంత ఎండలో ఒక్క బండి కూడా ఆగిపోలా. ఈ ఇసకలో బంకు యాడుండాది?"

జయపాల్ చెయ్యి గాలిలోనే ఆగింది. నియమం చెప్పకుండానే దాని లోటు పట్టేశాడు ఇతను. పట్టాడా, లేక సరుకు మాట తన నోటినుంచి లాగుతున్నాడా? ఫోను వైపు చూశాడు. లిఖిత అప్పుడే ఆవులింత ఆపుకుంటోంది. చెప్పకపోతే ఆ ముసలాయనకూ తనకూ తేడా ఏముంది?

లేచి కిటికీ మూసి వచ్చాడు. పెట్టె తెరిచి లారీలు బల్ల మీద పోశాడు.

"ఇది దాచినాను. బండికి ఆయిలు, మనిషికి నీళ్ళు వెనకనించి రావాల. లారీ అందకపోతే ట్యాంకు ఉన్నకాడ ఉత్త ఇనుము. దీన్ని సరుకంటాం." మాట వచ్చేసింది. ఇక ఆగలేదు. "దుత్తలూరు ఎవురి చేతిలో ఉంటే సరుకు వాళ్ళది!"

డేవిడ్‌రాజు ఫోను బయటికి తీశాడు. అతను దాన్ని ఆపేసి మంచం మీదికి విసిరి, మోచేతులు రెండూ బల్లకు ఆనించాడు.

"మళ్ళా మొదట్నించి పెట్టన్నా. నా లారీలు నాకియ్యి."

పొద్దు వాలేదాకా ఆడారు. దుత్తలూరు బావి ముందర డేవిడ్‌రాజు ట్యాంకు ఆగిపోయింది. లారీ ఇంకా వెనకే ఉంది. వచ్చే ఆదివారం తేల్చుకుందాం, పటం కదిలించొద్దని చెప్పి డేవిడ్‌రాజే తలుపు తీశాడు.

తలుపవతల నారాయణయ్య నిలబడి ఉన్నాడు. చెమటకు చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది.

"ఆట సార్ ఇది" అంది లిఖిత గబగబా.

"ఆటేనమ్మా, ఇన్నాను గదా. ఊరికి ఎవురు చెప్తారు?" ఆయన జయపాల్ మొహం చూడలేదు. "చెప్పినాను జయపాలూ. ఇంక నువ్వు ఈడ వద్దులే."

ఇంతసేపూ అనుమానమంతా ఎదుటి డేవిడ్‌రాజు మీద పెట్టి, తలుపుకు వీపు పెట్టి కూర్చున్నానని జయపాల్‌కు అప్పుడు తెలిసింది. బతిమాలలేదు. కొత్తవాళ్ళిద్దరూ వెళ్ళాక మిగిలిన క్యాన్లు నింపి మూతలు బిగించాడు. బట్టలు సంచిలో కుక్కాడు.

"బల్లను అట్టనే డేవిడ్‌రాజుకు అప్పజెప్పయ్యా. వంతు ఆయనది."

నారాయణయ్య పటం మీదికి వంగి చూశాడు. "దీంట్లో దుత్తలూరు ఏదిరా?"

జయపాల్ వేలితో చూపించాడు. తర్వాత వీధిలోకి నడిచి ఉదయగిరి బస్సు ఎక్కాడు.

గదిలో బల్ల మీద, దుమ్ము పడకుండా అతను కప్పి వెళ్ళిన ఎర్రగళ్ళ కువైట్ తలరుమాలు, కింద ట్యాంకులున్న చోటల్లా చిన్న చిన్న దిబ్బలుగా లేచి ఉంది.