డైనమో లేని బండి

"ఆరు వోల్టుల డైనమోనా? అవి మా తాతల నాడే పోయినయ్ లేవయ్యా," అని షాపు గుమాస్తా పళ్ళికిలించాడు.

బెజవాడలో పొద్దుటినుంచీ ఏ షాపు మెట్లెక్కినా ఇదే నవ్వు. పైగా అడిగేది దేవకుమారి అయితే, వాడు జవాబు చెప్పేది పక్కన నిలబడ్డ తమ్ముడు జక్రయ్యకి. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమయ్యా, అడిగింది నేనైతే ఆయనకి చెబుతావేంది? ఉంటే ఉందను, లేకపోతే లేదను. ఆ ఇకిలింపు ఎందుకు?"

జక్రయ్య అక్క చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. వదిలేస్తే ఆ రోజు అక్కడ ఏదో ఒకటి అయ్యేదే.

కరణాల ఉద్యోగాలు ఊడిన ఏడాది సంగతి ఇది. వాళ్ళు డైనమో వెతుకుతున్న పికప్పు బండి మిషనాసుపత్రి దొరలది. దొరలు వాళ్ళ దేశం వెళ్ళిపోయాక కాంపౌండు గోడవార ఎండకెండి, వానకి తడిసింది. పాత ఇనుము కింద అమ్మేస్తున్నారని తెలిసి, మిరపకాయలు కోసే ముఠా ఆడవాళ్ళంతా చెవులవీ ముక్కులవీ తీసిచ్చి కొనుక్కున్నారు. ఆ ముఠాకి మేస్త్రి దేవకుమారి. ఒకప్పుడు అదే బండి తోలిన జక్రయ్య ఇంజను బాగుచేశాడు, బ్రేకులు పట్టేలా చేశాడు. చిక్కంతా కరెంటు సామాను దగ్గరే వచ్చింది. వైర్లు ఎలకలు కొరికేశాయి. బ్యాటరీని చార్జి చేసే డైనమోని ఏ పుణ్యాత్ముడో ఊడదీసి అమ్ముకున్నాడు. ఇప్పటి బళ్ళన్నీ పన్నెండు వోల్టులవాయె, ఇదేమో ఆరు. "ఇది సరిపోద్ది, తీస్కపోండి," అని గుంటూరులో ఒకడు అంటగట్టిన డైనమో వేసిన రోజే బల్బులన్నీ మాడి మసయ్యాయి. తిరిగి పట్టుకెళితే, నువ్వెవరో నాకు తెలీదు పొమ్మన్నాడు.

ఇన్ని తిప్పలు పడి ఈ బండే ఎందుకంటారా? కాయ కోతల రోజుల్లో రైతులు పల్లెలోకి ట్రాక్టరు పంపి ఆడవాళ్ళని ఎక్కించుకుపోతారు. తీసుకుపోయేటప్పుడున్న తొందర దించేటప్పుడు ఉండదు. నిరుడు పానకాలరావు చేలో చీకటి పడ్డా వదల్లేదు. కోసిన కాయంతా కల్లానికి చేరిందాకా ట్రాక్టరు రాలేదు. రెబ్కా చంటిబిడ్డ తల్లి. పాలు చేపుకొచ్చి రవికె తడిసిపోతుంటే గట్టు మీద కూలబడి, "పిల్లది ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంటదక్కా," అని వలవలా ఏడ్చింది. పానకాలరావు వినీ విననట్టు బీడీ ముట్టించాడు. సొంత బండి కొనాలి, పొద్దుండగా ఇంటికి చేరాలి అని దేవకుమారి అప్పుడే అనుకుంది.

చివరికి చిలకలూరిపేటలో బళ్ళకి కరెంటు పని చేసే సిలార్ ఒక కబురు తెచ్చాడు.

"ఊళ్ళన్నీ వెతికాం గానీ అక్కా, అది మీ ఊళ్ళోనే ఉంది. పానకాలరావు గారి మిల్లు వెనక వాళ్ళ నాయన కారు తుప్పు పడతంది చూడు, దాని డైనమో మన బండికి అచ్చంగా సరిపోద్ది."

మనసు చంపుకుని వెళ్ళింది దేవకుమారి. పానకాలరావు మడతకుర్చీలోంచి కదల్లేదు.

"దానిదేముందే, తీస్కపో. కాకపోతే ఈ ఏడు కోతలయ్యేదాకా నీ ముఠా నా చేలోకే రావాల. నేను చాలన్నప్పుడే పోవాల."

"అయ్యగారూ, మీ ట్రాక్టరు బాధ పడలేకే గదా మేం బండి కొనుక్కుంది! ఇప్పుడు దాన్ని కూడా మీ ట్రాక్టరు చేసేద్దామనా? మీ కారు మీకే ఉండనీయండి. కోళ్ళన్నా గుడ్లు పెట్టుకుంటయ్."

బయట సిలార్ ఎదురుచూస్తున్నాడు.

"డైనమో లేకపోయినా బండి నడుస్తదక్కా," అన్నాడు సిలార్. "బ్యాటరీ నా కొట్లో చార్జి పెట్టిస్తా. స్టార్టు మాత్రం తోసి చెయ్యాల. లైట్లేస్తే బ్యాటరీ దిగిపోయి దార్లోనే ఆగిపోద్ది. అందుకని పొద్దుగూకేలోపు ఇల్లు చేరాల."

"తొయ్యటానికి మనుషులకేం కరువురా మాకు?"

కోతలు మొదలయ్యాయి. తెల్లవారగానే ఆడవాళ్ళు కొంగులు బిగించి బండిని తోసేవాళ్ళు. సాయంత్రం పొద్దు వాలగానే సాళ్ళలోంచి లేచి వచ్చేవాళ్ళు. "లైట్లు లేని బండి ఎందుకే, తగలెయ్యను!" అని రైతులు తిట్టేవాళ్ళు. పండిన కాయ చెట్టు మీద ఆగదు, పొరుగూరినుంచి మనుషులు రారు, తిట్టి ఊరుకునేవాళ్ళు. దేవకుమారి కూడా ఆ షాపులవాళ్ళందరినీ రోజూ తిడుతూనే ఉంది. ఆ మాయదారి డైనమో ఒక్కటి దొరికితే తమకీ లైట్లు వచ్చేవిగదా అని ఆవిడ బాధ.

ఎవరూ దొరక్క పానకాలరావు కూడా చివరికి ఈ ముఠానే పిలిచాడు. ఒక సాయంత్రం పొద్దు ఇంకా ఉండగానే స్కూటరు మీద సిలార్‌ని వెంటబెట్టుకుని చేలోకి వచ్చాడు. సిలార్ చేతిలో కిరసనాయిలుతో తళతళా తుడిచిన డైనమో ఉంది.

"ఊరికే ఇస్తన్నానే. షరతుల్లేవు, ఏం లేవు. బిగించరా సిలారూ!"

జక్రయ్య ఎగిరి గంతేశాడు. దేవకుమారికీ ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. దీనికోసం ఎంతమంది చేత నవ్వించుకుంది! చేత్తో నిమిరి కూడా చూసింది.

"ఇంక చీకటి భయం లేదుగా," అన్నాడు పానకాలరావు. "మిగిలిన సాళ్ళు కూడా లాగేసి తీరిగ్గా పొండి."

దేవకుమారి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సిలారూ, ఆ పానా లోపల పెట్టు."

"నీకేమన్నా పిచ్చా అక్కా?" అని అరిచాడు జక్రయ్య. "దేవుడు పంపినట్టు వచ్చిందే!"

"దేవుడు కాదురా, ఈయన పంపాడు. ఒరేయ్, నిరుడు రెబ్కా ఈ గట్టు మీదే ఏడిస్తే ఈయన పొమ్మన్నాడా? చంటిబిడ్డ ఉందంటే విన్లా. బండికి లైట్లు లేవంటే విన్నాడు! మన ఏడుపు కంటే వీళ్ళకి ఆ గుడ్డి బండంటేనే లెక్కరా. దానికి కళ్ళొచ్చిన రోజు మనకి మళ్ళీ చీకటే."

జక్రయ్య వెళ్ళి బండెక్కి స్టీరింగు పట్టుకున్నాడు.

"పొగరెక్కిందే నీకు!" అన్నాడు పానకాలరావు, మొహం కందగడ్డ చేసుకుని.

"ఎక్కితే ఎక్కిందిలెండి. రేపు తెల్లారేసరికి మీ చేలో ఉంటాం. పొద్దు వాలితే మాత్రం ఉండం, మా బండికి లైట్లు లేవు."

అప్పటికే ఆడవాళ్ళు సాళ్ళలోంచి వచ్చి బండి వెనక చేరారు. రెబ్కా అందరికంటే ముందుంది. దేవకుమారి కొంగు నడుముకి చుట్టి, కారం మంటలెత్తే చేతులు బండికి ఆనించింది.

"తొయ్యండే!" అంది.