కౌజుపిట్టకు పురుడు

కర్నూలుకు రాజధాని వచ్చిన మరుసటి ఏడు వీధిలో అందరూ ఇంటి ముందర గులాబీలు నాటితే, సుందరలక్ష్మి బోదగడ్డి నాటింది. బేతంచెర్ల బండల దారికి రెండు పక్కలా, తాడు పట్టి, జానెడు ఎడంతో. వెన్నులు వేశాక పిచ్చుకలు దిగాయి, జీనువాయి పిట్టలు దిగాయి.

"ఇంటి మీద కప్పేది ఇంటి ముందర నాటినావే తల్లీ!" అని ఎదురింటి మహాదేవమ్మ రోజుకొకసారి దెప్పేది.

దసరా పోయిన వారం, పాములు చేరతాయని ఆ గడ్డి కోయించడానికి మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనక కొడవలితో కూలీ ఈరప్ప. అప్పటికి నాలుగు రోజులుగా బోద మొదట్లో కౌజుపిట్ట ఏడు గుడ్లు పొదుగుతోంది. సుందరలక్ష్మి గేటుకు అడ్డం నిలబడి నోటికొచ్చింది అనేసింది.

"లోపలికి రాగూడదు సార్. పురుడు ఉండాది."

ఇన్‌స్పెక్టరు మహా ఆచారపరుడు. రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎవరికమ్మా?"

ఆమెకు అబద్ధం అలవాటు లేదు. "కౌజుపిట్టకు."

ఈరప్ప నవ్వబోయాడు. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. "మీ వాకిట్లో ఉంటే మీ ఇంటిదే. ఎన్నో దినం?"

"గుడ్లు పెట్టి నాలుగు దినాలు."

"అయితే ఇంకో ఏడు దినాలకు వస్తాం."

మహాదేవమ్మ వీధి దాటి వచ్చేసింది. "ఏమప్పా, శానా చదివినోడివే! గుడ్డు పెడితే కాన్పు యాడయితాది? పిల్ల బయటపడిన పొద్దు నుంచి గదా లెక్క!"

ఇన్‌స్పెక్టరు తప్పు ఒప్పుకుని, పుస్తకంలో దిద్దుకుని, పిల్లలు పుట్టిన రోజు కబురు చెప్పే పని ఈరప్పకు అప్పగించాడు.

ఈరప్ప రోజూ గేటు బయట గొంతుక్కూర్చున్నాడు. మొదట్లో కౌజుపిట్ట కూర రుచి గురించి మాట్లాడేవాడు. వారానికి, "ఎండ పడతాండాది గదమ్మా దానికి" అన్నాడు. పిల్లలు పుట్టిన పొద్దున, వాటి మేతకు చెదలున్న పుట్టమన్ను ఆకులో కట్టుకొచ్చి గోడ మీంచి విసిరాడు. సాయంత్రానికి ఏడు పిల్లలూ తల్లి వెంట గూడు వదిలి గడ్డిలోకి నడిచిపోయాయి.

పన్నెండో రోజు ఇన్‌స్పెక్టరు తలస్నానం చేసి వచ్చాడు. సుందరలక్ష్మి గేటు తీసింది. వేరే దారి లేదు. ఈరప్ప కొడవలి పట్టుకుని లోపలికి పోయి, బోద దుబ్బులన్నీ ఒక్కొక్కటే వంగి చూసి, వెనక్కి వచ్చాడు.

"సార్, ఇంగొకటి పండుకోని ఉండాది."

"ఎన్ని గుడ్లు?"

"తొమ్మిది."

ఆ పొద్దునే సుందరలక్ష్మి ప్రతి దుబ్బూ వెతికి చూసింది. ఒక్క గుడ్డు లేదు. ఈరప్ప ఆమె ముఖం వంక చూడలేదు. అబద్ధం అలవాటు లేదు కాబట్టి ఆమె నోరు తెరవలేదు.

ఇన్‌స్పెక్టరు పుస్తకం తీసి, కొత్త పేజీలో తొమ్మిది అని రాసుకున్నాడు.