కూతకు తాగిన పాలు

లావణ్య ఫోనులో చెప్పింది స్టీము ఇంజను అని. ఉరుకుందు విన్నది స్కీము ఇంజను అని. రెండింటికీ తేడా ఒకే ఒక్క అక్షరం. ఆ అక్షరం సందులోంచి ఊళ్లో సగం మంది ట్రాక్టరెక్కి ఆదోనికి పోయారు.

తప్పంతా ఉరుకుందు చెవులదే అంటే న్యాయం కాదు. పెద్దకడుబూరు పక్కనున్న ఆ పల్లెలో సెల్లు పలకాలంటే మిద్దె ఎక్కాలి. మిద్దె ఎక్కితే గాలి. గాలికి సగం మాట ఎమ్మిగనూరు వైపు కొట్టుకుపోతుంది. పైగా వాన మొహం చాటేసిన ఏడాది. మొలిచిన పత్తి మొలిచినచోటే తల వాల్చేసింది. అలాంటప్పుడు రైతు చెవికి స్కీము తప్ప ఇంకో మాట ఎక్కుతుందా?

"ఏమంటివి పాపా? స్కీము ఇంజనా? యాడికి వస్తాంది?"

"ఆదోని స్టేషనుకి మామా, శనివారం. అవ్వను తోలుకొని రా."

"ఎంతమందికంట?"

"ఎంతమందైనా రావచ్చు మామా, ఫ్రీనే!"

ఆ ఫ్రీ అన్న మాట మాత్రం ఏ గాలికీ కొట్టుకుపోలేదు.

పేరులో ఉరుకు ఉందన్న మాటేగానీ ఉరుకుందు మామూలుగా నిమ్మళమైన మనిషి. ఆ పూట మాత్రం పేరు నిలబెట్టాడు. మిద్దె దిగి ఉరికాడు. పొద్దు వాలేలోపు, సర్కారు నీళ్లు తోడే ఇంజన్లు ఊరికే పంచుతోందన్న కబురు ఊరంతా పాకింది. ఆధారం లేని మాటకు అందరూ ఆధార్ కార్డులు వెతుక్కున్నారు. భూమి పట్టా ఉన్నవాళ్లు, లేనివాళ్లు, అందరూ రైలు పట్టాల దగ్గరికి తయారయ్యారు.

అదే మిద్దె మీద వేరుశనక్కాయలు ఎండబోస్తున్న ఉరుకుందు తల్లి హుసేనమ్మకు మాత్రం మాట సరిగ్గానే వినపడింది. పోయిన వారమే మనవరాలు లావణ్య ఆమెకు చెప్పి ఉంది. నూరేళ్ల నాటి పొగబండి ఇంజనును బాగుచేసి, రంగులేసి, ఊరూరా తిప్పి చూపిస్తున్నారట. ఆదోనిలో ఆగుతుందట. లావణ్య పనిచేసేది స్టేషను ముందరి సెల్లు కొట్టులో, కాబట్టి కబురు గట్టిదే.

"అది స్కీము కాదురా, స్టీము. పొగబండి," అంది హుసేనమ్మ.

"నీకు చెవులు ఇనపడవు, ఊరుకోమా," అన్నాడు ఉరుకుందు.

హుసేనమ్మ ఊరుకుంది. ఊరికే ఊరుకోలేదు, ఆలోచించి ఊరుకుంది. ముందు రోజే ఆమె కొడుకును అడిగింది, పొగబండి చూసేకి తోలుకొనిపో అని. వాడేమన్నాడు? "సేద్యం ఇడిసిపెట్టి పొగ సూసేకి పోతారా ఎవురన్నా? పొయ్యి కాడ కూర్చో, కావల్సినంత పొగ." ఇప్పుడు ఇది స్కీము కాదని ఇంకోసారి గట్టిగా చెబితే ట్రాక్టరు కదలదు. కాబట్టి శనక్కాయలు కలబెడుతూ పెదవి బిగించింది. ఒకసారి చెప్పింది. చెవిలేని వాడికి రెండోసారి చెప్పాలని ఏ చట్టంలోనూ లేదు.

ఆమెకు ఆ బండితో ఉన్న సంబంధం అలాంటిలాంటిది కాదు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆమె పత్తి చేలలో కలుపు తీసింది. చేతికి గడియారం ఉన్నవాడు చేని ఆసామి ఒక్కడే, అందులో మధ్యాహ్నం అయ్యేది ఆయనకు బుద్ధి పుట్టినప్పుడే. ఆడవాళ్ల గడియారం వేరే. పడమటి గాలికి రైలు కూత తేలి వచ్చేది. అది నడిపొద్దు బండి. కూత పడిందంటే కొడవళ్లు పడేవి. ఆసామి గడియారం చూపించినా, కళ్లెర్రజేసినా, కూత తరువాత ఒక్క గడ్డిపోచ కూడా పీకేవాళ్లు కాదు. కూతకూ కూలికీ అంత ఖచ్చితమైన ఒడంబడిక.

ఇన్నేళ్లు ఆ గొంతు విన్నదేగానీ దాని మొహం మాత్రం చూడలేదు. ఆదోనికి పోయినప్పుడల్లా మార్కెట్టు యార్డు, యార్డు నుంచి ఇల్లు. తీరా ఒకసారి తీరిక చేసుకొని స్టేషనుకు పోతే డీజిలు బండి వచ్చి దున్నపోతు మాదిరి రంకె వేసింది. పొగబండి రావడం మానేసిందని చెప్పారు. ఆ రోజు ఆమె తిరిగి వచ్చిన తీరు, సంబంధం చూడబోయి పెళ్లికొడుకు లేడని తిరిగొచ్చినట్టుంది.

"ఈసారి మొహం సూసేది, కూత ఇనేది. రెండూ అయినాకే ఊరికి," అని ఎమ్మిగనూరులో ఉన్న మద్దమ్మకు ఫోను చేసి చెప్పింది. మద్దమ్మ కలుపులో ఆమె పక్క సాలు మనిషి, ఇప్పుడు కూతురింట్లో ఉంటోంది.

"మా ఎమ్మిగనూరులో రైలే లేదు గదమ్మా, నేనూ వస్తా," అంది మద్దమ్మ. "మనతో కలుపు తీసినోళ్లు ఈ వీధిలో ఇంకా ఉండారు. అందరినీ బస్సెక్కిస్తా."

శనివారం పొద్దున ఉరుకుందు ట్రాక్టరు కదిలింది. దాని వెనక నీళ్ల ట్యాంకరు. ఆ ఊరి బోర్లన్నీ ఉప్పు. అందుకని ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. ఏ పని మీద ఆదోనికి పోయినా ట్రాక్టరు వెనక ఊరి ట్యాంకరు తగిలించాలి, ముందు కాలువ నీళ్లు నింపుకోవాలి, తరువాతే సొంత పని. పెళ్లిచూపులకు పోయినా అంతే. మనుషులు ట్యాంకరు అంచుల మీద, మడ్డుగార్డుల మీద, ఎక్కడ అంగుళం దొరికితే అక్కడ అతుక్కున్నారు. హుసేనమ్మ కొడుకు పక్కనే కూర్చుంది.

నీళ్లు నింపుకొని స్టేషను గూడ్సు షెడ్డు వైపు వచ్చేసరికి అక్కడ తిరునాళ్లే. జనం మధ్యలో, పక్క పట్టాల మీద, ఇంజను నిలబడి ఉంది. నల్లటి ఒళ్లు, ఎర్రటి చక్రాలు, ఇత్తడి పట్టీలు. పొగగొట్టం నుంచి సన్నగా, చుట్ట ఆరిపోబోతున్నట్టు పొగ.

హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడిపోయింది. మద్దమ్మ, ఎమ్మిగనూరు ముసలమ్మలు అప్పటికే వచ్చి ఉన్నారు.

"ఇదేనంటావా?" అంది మద్దమ్మ. "ఇంత లావుందే! గొంతు ఇని సన్నగుంటాదనుకుంటి."

"మొహం సూసినాం. గొంతు ఇంటే గదా ఇదో కాదో తెలిసేది," అంది హుసేనమ్మ.

ఈలోగా ఓబన్న, తిక్కయ్య ముందుండి రైతులంతా జెరాక్సు కాగితాలతో ఒక అధికారిని చుట్టేశారు. ఆయన పేరు సాయిరాం, ఇంజను వెంట తిరిగే బాధ్యత ఆయనది.

"సార్, మాకు ఏది ఇస్తారు? మూడు హెచ్‌పీనా, ఐదా?" అన్నాడు ఓబన్న.

సాయిరాం ఇంజనును చూసి, ఓబన్నను చూశాడు. "ఇది వెయ్యి దాకా ఉంటుందండీ."

"అంత వద్దు సార్. మా బోరు చిన్నది."

"అయ్యో, ఇది ఇచ్చేది కాదండీ. చూపించేది."

"అన్ని స్కీములూ అంతే గదా సార్," అన్నాడు తిక్కయ్య. "సూపిస్తారు, ఇయ్యరు."

స్కీము లేదనీ, ఉండేది కాదనీ తెలిసేసరికి ఇంజను కంటే ముందు ఉరుకుందు చుట్టూ ఉన్నవాళ్లకు ఆవిరి పట్టింది. వాడు నోరు తెరిచేలోపు ఇంకో కబురు దిగింది. ఇంజను డ్రైవరు ఇశ్రాయేలు మసి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ వచ్చి సాయిరాంతో అన్నాడు:

"సార్, నీళ్ల కాంట్రాక్టరు బండి దారిలో ఇరుసు విరిగి ఆగిపోయిందంట. లోపల నీళ్లు అడుగంటినాయి. ఇంక నిప్పు దించేయాల. డీజిలు ఇంజను కట్టి లాక్కొని పోదాం."

"స్టేషను నీళ్లు?"

"ప్రయాణికులకే సాలవు. పక్కన బోరుంది గానీ ఉప్పు. బాయిలరుకు ఉప్పు పడదు సార్."

"మా మాదిరే," అంది హుసేనమ్మ పక్కనుంచి. "ఏమప్పా డ్రైవరూ, నిప్పు దించితే కూత?"

"ఆవిరి లేకుంటే కూత యాడిదమ్మా. ఇప్పుడు ఒక్కసారి కూయించినా ఉన్న ఆవిరి అయిపోతాది."

హుసేనమ్మ ఆ మాట రెండోసారి అడగలేదు. నేరుగా ట్యాంకరు దగ్గరికి నడిచి, దాని కుళాయి మీద చెయ్యి వేసింది.

"ఉరుకుందూ, ట్రాక్టరు ఇటు తిప్పు. ఈ నీళ్లు ఆ బండికి పోద్దాం."

"అమా, మతి ఉండే మాట్లాడతాండావా? ఇవి ఊరి నీళ్లు!"

"ఊరి నీళ్లే. అందుకే ఊరినే అడుగుతాండా. అందరూ ఈడనే ఉండారు గదా."

"ఇంజను ఇయ్యకపోగా మేమే నీళ్లు పొయ్యల్లనా?" అని ఓబన్న గయ్యిమన్నాడు. "ఇంటికాడ బిందెలు వరసలో పెట్టుకొని ఉంటారు. యాడికన్నా లాక్కోనియ్యి దాన్ని. మాకేమి అది చుట్టమా?"

"చుట్టమే," అంది హుసేనమ్మ. "ఓబన్నా, నువ్వు పుట్టినప్పుడు మీయమ్మ ఎన్నో రోజు సేనికి వచ్చినాదో తెలుసా? ఒళ్లు ఆరకముందే. నిన్ను మీ జేజి కాడ పడేసి వచ్చింది. పొద్దెక్కే కొద్దీ రవికె తడిసిపోయేది, కొంగు కప్పుకొని కలుపు తీసేది. అయ్యా, బిడ్డ ఏడుస్తాంటాడు, పోయొస్తా అంటే ఆసామి గడియారం సూపిచ్చేటోడు. ఇంకా కాలేదు పో అనేటోడు. అప్పుడు ఈ బండి కూసేది. కూసినాక ఆపే మగాడు లేడు. కొడవలి ఆడనే పారేసి ఉరికేటోళ్లం. మీరు తాగిన పాలన్నీ దీని కూతకు తాగినవేరా. నువ్వు, తిక్కయ్య, వీడు."

ఉరుకుందు తల వంచుకున్నాడు.

"నీకు ఉరుకుంద స్వామి పేరు పెట్టినాం, నిజమే. ఉరికింది మాత్రం నేను," అంది తల్లి. "మీకు పాలు తాపించిన దానికి ఒక పూట నీళ్లు తాపియ్యలేరా? ఇంటికాడ బిందెల్లో ఈ పూటకు ఉండాయి. మళ్లా వరసలో నిలబడదాం, మళ్లా నింపుదాం. నిలబడేకి మీకు కాళ్లు నొస్తే నేను నిలబడతా. దీని కూత ఇనందే మాత్రం నేను ఈడ నుంచి కదిలేది లేదు. మీరు పోతే పోండి."

తిక్కయ్య ట్యాంకరు దగ్గరికి వచ్చాడు. "మాయమ్మ కూడా సెప్పేది," అన్నాడు మెల్లిగా. "కూత పడితే నా ఏడుపు ఆగేదంట. అమ్మ రాకముందే."

ఓబన్న జెరాక్సు కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాసేపు ఇంజనును, కాసేపు ట్యాంకరును చూశాడు. తరువాత ఉరుకుందు మీద అరిచాడు, "ఏమి సూస్తాండావు? తిప్పు బండి! ఇంతదూరం తెచ్చినోడివి ఇంత దగ్గరికి తేలేవా?"

గూడ్సు షెడ్డు పక్కన లారీలు పత్తి బేళ్లు దించే దారి పట్టాల దాకా ఉంది. ట్యాంకరు ఇంజను పక్కకు చేరింది. ఉరుకుందు ట్యాంకరు మోటారు వేస్తే, పైపును ఇశ్రాయేలు పైకి అందుకున్నాడు. నీళ్లు గుటగుటమంటూ దిగుతుంటే చూస్తున్న జనం చప్పట్లు కొట్టారు. ఇంజను కోసం వచ్చిన ఊరు ఇంజనుకే నీళ్లు పట్టింది. ఆవురావురుమంటూ ఉన్న బండికి ఆవిరి పుట్టింది.

"ఇంజనుకు నీరు పోసినాం," అంది మద్దమ్మ, ఎమ్మిగనూరు వాళ్ల వైపు తిరిగి. "ఇప్పుడు మన మగోళ్లు ఇంజనీర్లు."

ఇశ్రాయేలు బొగ్గు వేశాడు. పొగ లావయింది, నల్లబడింది, పొగతోపాటు పొగరూ వచ్చింది. సాయిరాం వచ్చి హుసేనమ్మకు చేతులు జోడించాడు. "అమ్మా, పైకెక్కండి. కూత మీ చేతనే వేయిస్తాం."

"వద్దు నాయనా. నేను లాగితే అది నా కూత అవుతాది. నాకు దాని కూత కావల్ల. దూరం నుంచి ఇనేదే నాకు అలవాటు."

ఆమె షెడ్డు చివరికి పోయి నిలబడింది. ముసలమ్మలంతా ఆమె పక్కన వరసగా నిలబడ్డారు, ఒక్కొక్కరికీ ఒక సాలు ఉన్నట్టు.

కూత వచ్చింది.

ముందు సన్నగా, తరువాత మొత్తం ఆదోని కొండలకు తగిలి తిరిగి వచ్చేంత పొడుగ్గా. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఫోన్లన్నీ పైకి లేచాయి. అప్పుడు ఒక వింత జరిగింది. ముసలమ్మలు ఒక్కరు కూడా ఇంజను వైపు చూడలేదు. అందరూ ఒకేసారి నడుములు నిటారు చేశారు. చేతుల్లోని సంచులు కింద పడేశారు. బొడ్లో దోపిన కొంగులు విదిలించి, ఊరు ఎటుందో అటు తిరిగి గబగబా నాలుగడుగులు వేశారు.

"అదేమండీ, బండి ఇంకా కదలనే లేదు! ఎక్కడికి వెళ్లిపోతున్నారు?" అని సాయిరాం వెంటపడ్డాడు.

హుసేనమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. కింద పడ్డ సంచిని చూసుకొని, మద్దమ్మ మొహం చూసి, పగలబడి నవ్వింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"ఇదే," అంది. "ఈ బండే."

సాయంత్రం ఆదోని నీళ్ల కాడ ట్యాంకరు మళ్లీ వరసలో నిలబడింది. పొద్దున చూసినవాళ్లకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఏమప్పా, ఇందాక నింపుకొని పోతిరి గదా? మళ్లా వస్తిరే?"

ఉరుకుందు ట్రాక్టరు ముందుకు జరిపాడు. ఓబన్న ఊరుకోలేదు. "వీడు ఇంజను ఇప్పిస్తానని తెచ్చినాడప్పా. ఆ ఇంజనే మా నీళ్లు తాగింది."

"ఎవురికి ఇచ్చినారు ఇంజన్లు? ఏం స్కీము?" అని వరస చివరి నుంచి ఎవరో గట్టిగా అడిగారు. నాలుగైదు ట్రాక్టర్ల మీద తలలు లేచాయి. చేతులు జేబుల్లో ఆధార్ కార్డుల కోసం వెతుకుతున్నాయి.

హుసేనమ్మ మడ్డుగార్డు పట్టుకొని లేచి నిలబడింది.

"స్కీము లేదు, గీము లేదు! అందరూ ఇనండప్పా! ఫోనులో మా మనవరాలు సెప్పింది స్టీము ఇంజను, అంటే పొగబండి, సూసేకి రమ్మని. మావోడు ఇన్నది స్కీము. అది కాదురా అని నేను మిద్దె మీదనే సెప్పినా. నాకు చెవులు లేవన్నాడు. నిజం సెప్పితే ట్రాక్టరు రాదని నేనూ మళ్లా నోరు తెరవలేదు. అంతే జరిగింది."

"అంటే నీకు ముందే తెలుసా అమా?" అన్నాడు ఉరుకుందు.

"తెలుసు. నీకే తెలియలేదు. ఇప్పుడు నువ్వు సెప్పు, అందరికీ ఇనపడేట్ల. ఏమి ఇంజను?"

"స్టీము," అన్నాడు ఉరుకుందు.

"గట్టిగా!"

"స్టీము! ట! టమాటాలో ట!"