నాలుగంగుళాల గీత

ఆర్లిస్ పెటిగ్రూ గొలుసును గడ్డి మీద బారుగా పరిచి, ఒక్కొక్క లంకెనూ వేళ్లతో తడుముతూ వస్తున్నాడు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మొదలవడానికి ఇంకా రెండు గంటలుంది. రెండు చివర్లా ఉన్న కర్రలకు మధ్య సరిగ్గా పది గజాల గొలుసు. ఎక్కడైనా మెలిపడితే అంగుళం తగ్గుతుంది, అంగుళం తేడాతో ఆటే తారుమారైపోవచ్చు. ముప్పై ఏళ్లపాటు ఈ పని కళ్లతో చేశాడు. అయిదు నెలలుగా వేళ్లతో చేస్తున్నాడు. ఆ సంగతి అతనికీ, కళ్ల డాక్టరుకూ తప్ప మూడో మనిషికి తెలియదు. భార్య నాడీన్‌కు కూడా చెప్పలేదు.

కంటి వెనక పొర పాడవుతోందనీ, అద్దాలతో బాగయ్యేది కాదనీ డాక్టరు వేసవిలోనే చెప్పాడు. పక్కనున్నవన్నీ కనిపిస్తాయి. తిన్నగా చూసిన చోట మాత్రం బూడిదరంగు మరక కూర్చుంటుంది. ఎవరి మొహమైనా చూడాలంటే వాళ్ల చెవి వైపు చూడాలి. దాంతో ఈమధ్య ఆర్లిస్‌కు పొగరెక్కిందని చర్చిలో ఒకరిద్దరు అనుకున్నారు కూడా.

అరవై ఆరేళ్ల పొట్టి మనిషి. ఎండకు కమిలి గళ్లుగళ్లుగా చీలిన మెడ, కుక్క కరిచిన గుర్తులు మూడు ఉన్న పిక్కలు. ఊరి నీళ్ల శాఖలో ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసి రాసుకునేవాడు, రెండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఊళ్లో ప్రతి పెరడూ అతనికి తెలుసు. ఊరికి మాత్రం అతను ఉత్త 'నీళ్లాయన'. శనివారాల్లో నారింజరంగు చొక్కా తొడుక్కుని మైదానం అంచున నిలబడినప్పుడే తానూ ఒక మనిషినని అతనికి అనిపించేది. జీతం లేదు, మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్ ఇస్తారు. ఆ చొక్కా పోతే తనకింక మిగిలేదేమీ లేదని భయం. అయిదు నెలలుగా ఆ భయంతోనే నిద్ర లేస్తున్నాడు.

"అలసందలు తిన్నావురా?" అంటూ వచ్చాడు డెల్మర్ ఫాంట్నో. ఊళ్లో మంగలి. ఎన్నో ప్రయత్నమో చూపించే అంకెల కర్ర పట్టుకోవడం ఇక్కడ అతని పని.

"తిన్నాను. మూడు గరిటెలు."

"మూడేనా? అదృష్టం కలిసిరావాలని తినే కొత్త సంవత్సరం రోజున, అందులో మన కాల్డర్ వాళ్లు ఆడుతుంటే! ఇవాళ ఓడిపోయారో, నీ పొట్టనే అంటాను."

"మనకు కాల్డర్ లేదు, వెస్ట్‌ఫాల్ లేదు. గొలుసు పట్టుకునేవాడు ఏ పక్షమూ కాదు."

"అబ్బో, పెద్ద జడ్జిగారు! నాడీన్ ఏమంటోంది?"

"ఈసారైనా టీవీలో మొహం కనబడేట్టు నిలబడమంది. ఏటా నా మోచెయ్యే చూపిస్తున్నారట."

డెల్మర్ పగలబడి నవ్వాడు. ఆర్లిస్ కూడా అతని చెవి వైపు చూస్తూ నవ్వాడు.

కాలేజీ జట్లలో కాల్డర్ స్టేట్ దేశంలో రెండో స్థానంలో ఉంది, వెస్ట్‌ఫాల్ నాలుగో స్థానంలో. ఈ తీరం జట్టు ఒకటి, సీజను చివర పెద్ద జట్లు తలపడే బౌల్ ఆటకు ఇంత పై స్థానంతో రావడం నలభై ఏళ్లలో ఇదే మొదలు. మధ్యాహ్నానికి డెబ్బై వేల మంది నిండారు. నిన్నటి వానకు చెరిగిన గీతలకు పొద్దున మళ్లీ సున్నం కొట్టారు. అది ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఆర్లిస్ పని చూడటానికి చిన్నది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు దాటితేనే బంతి ఆ జట్టు దగ్గర ఉంటుంది. మొదటి ప్రయత్నానికి గొలుసు పరవగానే అతను వంగి, గొలుసు కింద అడ్డంగా వచ్చే తెల్లగీతను చూసుకుని, సరిగ్గా దాని వెనక అంచు (జట్టు బయల్దేరిన వైపు) దగ్గర గొలుసుకు క్లిప్పు పెట్టాలి. బంతి పది గజాలు దాటిందో లేదో తేలనప్పుడు గొలుసును మైదానంలోకి మోసుకెళ్లి, ఆ క్లిప్పును అదే గీత వెనక అంచు మీద ఆనించి లాగుతారు. గీత వెడల్పు నాలుగంగుళాలు. అంచు మారితే లెక్క నాలుగంగుళాలు మారిపోతుంది.

మూడు గంటల పాటు ఏ పొరపాటూ జరగలేదు. తల పక్కకు వంచి, బూటు మొనను గీతకు ఆనించి, ఆ మొన దగ్గర క్లిప్పు పెడుతూ నెట్టుకొచ్చాడు.  ప్రతిసారీ, అమ్మయ్య, ఇంకొకటి గడిచింది అనుకునేవాడు.

ఆఖరి రెండున్నర నిమిషాలు. స్కోరు పదిహేడు, పద్నాలుగు. కాల్డర్ మూడు పాయింట్లు వెనకబడి ఉంది, కానీ బంతి వాళ్లదే. గొలుసు పరిచారు. పడమటి పొద్దు తిన్నగా ఆర్లిస్ కళ్లలో పడింది. తల వంచినా గీత దొరకలేదు. వెనక నుంచి గొలుసువాళ్లను నడిపించే లైన్స్‌మన్ స్ట్రిక్లండ్ తొందరపెడుతున్నాడు. ఆర్లిస్ బూటు ఆనించి క్లిప్పు నొక్కేసి వెనక్కి వచ్చాడు.

మొదటి ప్రయత్నం నాలుగు గజాలు. రెండోది మూడు. అప్పుడు కిందికి చూసుకున్నాడు. కుడి బూటు మొన బెత్తెడు మేర తెల్లగా ఉంది.

 గీతకు వెనక ఆనించిన బూటుకు అంత సున్నం అంటదు. అంటిందంటే కాలు గీత మీదే పడింది. క్లిప్పు అవతలి అంచు దగ్గర ఉంది.

ఇప్పుడే చెప్పాలి. చెబితే ఎలా జరిగిందని అడుగుతారు. గీత కనపడలేదనాలి. కనపడనివాడికి ఇక్కడేం పని? అయినా కొలత దాకా వస్తుందని ఏముంది? పది ఆటల్లో ఒకసారి కొలుస్తారేమో. రాకూడదు, రాకూడదు అని లోపల గొణుక్కున్నాడు. మూడో ప్రయత్నం రెండు గజాలు. నాలుగోసారి పదకొండు మంది పదకొండు మంది మీద పడి గుట్టగా కూలిపోయారు. గుట్ట విడదీసి చూస్తే బంతి ముందు కర్రకు సరిగ్గా ఎదురుగా ఉంది.

రెఫరీ రెండు చేతులూ ఊపి గొలుసు తెమ్మన్నాడు.

దాటితే కాల్డర్ ఇంకా ఆటలో ఉన్నట్టు. దాటకపోతే బంతి వెస్ట్‌ఫాల్‌కు పోతుంది, వాళ్లు ఉన్న కాస్త సమయం కరగబెట్టేసి గెలుస్తారు.  స్ట్రిక్లండ్ క్లిప్పును రెండు వేళ్లతో పట్టుకుని గీత దాకా నడిచాడు. కర్రలవాళ్లు రెండు వైపులా, ఆర్లిస్ అతని పక్కనే.

"వెనకంచేగా, ఆర్లిస్ గారూ?" స్ట్రిక్లండ్ మామూలుగా అడిగే మాటే అడిగాడు.

వెనకంచే అంటే చాలు. క్లిప్పు నాలుగంగుళాలు వెనక్కి వస్తుంది, దాంతో ముందు కర్రా వెనక్కి వస్తుంది, కాల్డర్ బతుకుతుంది, ఊరు బతుకుతుంది, తన చొక్కా తనకుంటుంది. ఎవరికీ తెలియదు.

"కాదు," అన్నాడు ఆర్లిస్.

"ఏంటండీ?"

"ముందంచు దగ్గర పెట్టాను. పొరపాటు నాదే. గీత నాకు కనపళ్లేదు."

స్ట్రిక్లండ్ మొహం ఎలా మారిందో ఆర్లిస్‌కు కనిపించలేదు. "ఖాయంగానే చెబుతున్నారా?"

ఆర్లిస్ కుడికాలు కాస్త ఎత్తి చూపించాడు. స్ట్రిక్లండ్ ఆ బూటు వంకా, అతని వంకా చూసి, వంగి క్లిప్పును ముందంచు మీద ఆనించాడు. గొలుసు బిగుసుకుంది. బంతి కర్రకు మూడు వేళ్ల ఇవతలే ఆగిపోయి ఉంది.

స్టేడియం అంతా కలిసి మూలిగిన ఆ చప్పుడు ఆర్లిస్ పాదాల్లోంచి పైకి పాకింది.

ఆట అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో డెల్మర్ అంకెల కర్రను గోడకు విసిరికొట్టినంత పని చేశాడు. "నీ పక్కనే ఉన్నానురా, అంతా విన్నాను. నలభై ఏళ్లకొచ్చిందిరా మనకు! ఒక్క ముక్క నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది?"

ఆర్లిస్ చొక్కా విప్పి, మడతలు సరిచేసి, బల్ల మీద పెట్టాడు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అయిదు నెలల తరవాత ఛాతీ మీది బరువు దిగినట్టూ ఉంది, ఆ చోట ఏమీ లేనట్టూ ఉంది.

"వచ్చే ఏడు నేను రాను, డెల్మర్. చీకటి పడుతోంది. కాస్త ఇంటి దాకా దిగబెడతావా?"

"పొద్దున నీ బండిలోనే వచ్చావుగా?"

"వచ్చాను. ముందు పోయే బండి ఎర్రదీపాల వెంటే వచ్చాను."

డెల్మర్ అంకెల కర్రను గోడకు ఆనించాడు.  "నాడీన్‌కు తెలుసా?"

"ఇంటికెళ్లగానే చెప్తాను. నువ్వు కాసేపు మా గుమ్మంలో ఉండు."

 డెల్మర్ ఆర్లిస్ మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపి, తన కారు ఎక్కించుకున్నాడు.

గంటకల్లా జనం వెళ్లిపోయారు. బండ్లు నిలిపే ఆ పెద్ద ఖాళీ స్థలంలో ఆర్లిస్ పాత ఆకుపచ్చ ట్రక్కు ఒక్కటే మిగిలింది, సరిగ్గా తెల్లగీత మీద, సగం ఈ గడిలో, సగం ఆ గడిలో.