రామక్క మాటకు నా తెలుగు

మా హాస్పిటల్లో పొద్దున హాజరు కంటే ముందు తిట్లు పడతాయి. మేనేజర్ అనిల్‌కుమార్ సార్ అందరినీ రిసెప్షన్ ముందు నిలబెట్టి, నిన్న ఎవరి వల్ల ఏ ఆపరేషన్ చేజారిందో అడుగుతాడు.

నా పేరు సుజాత. నర్సును. మాది అడవి అంచున కోయ గూడెం. ఇల్లందులో ఈ ప్రైవేటు హాస్పిటల్ వాళ్లు నన్ను తీసుకున్నది నా పని చూసి కాదు, నాకు కోయ భాష వచ్చని. గూడేల నుంచి వచ్చే పెద్దవాళ్లకు తెలుగు అంతంతమాత్రం. సార్ మాట వాళ్లకు, వాళ్ల మాట సార్‌కు చేరవేయాల్సింది నేనే.

మానేద్దామని రోజూ అనుకుంటాను. చేరిన రోజే నా ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టుకున్నారు. అవి లేకుండా ఇంకెక్కడా నర్సుగా తీసుకోరు. సార్ నుంచి ఫోన్ వస్తే చాలు, చేతిలో పని వదిలి పరుగెత్తుతాను.

పోయిన నెల రామక్క అనే పెద్దామె కోడలిని తీసుకొచ్చింది. కడుపునొప్పి. డాక్టరమ్మ చూసి మాత్రలు చాలని వెళ్లిపోయింది. వెంటనే సార్ నన్ను పిలిచాడు.

"గర్భసంచి తీయకపోతే కేన్సర్ అయితదని చెప్పు. కోసే డాక్టర్‌ను నేను పిలిపిస్త, ఇయ్యాలే ఆపరేషన్ అని చెప్పు."

"డాక్టరమ్మ మాత్రలు చాలన్నది గద సార్?"

"నువ్వు డాక్టర్‌వా? చెప్పమన్నది చెప్పు."

సార్ పక్కన నిలబడి తలాడిస్తుంటే, ఇక్కడ ఆపరేషన్ వద్దు, భద్రాచలం సర్కారు దవాఖానాకు తీసుకుపొమ్మని కోయలో చెప్పాను. రామక్క నా మొహం చూసి, కోడలి చెయ్యి పట్టుకుని లేచింది. ఇంట్లో అడిగి వస్తారట సార్ అన్నాను.

ఆ రోజు నుంచి నాకు తిండి సహించలేదు. సార్‌కు తెలిస్తే ఎట్లా అన్నది ఒక భయం. ఆ పిల్లకు నిజంగానే ఏమన్నా అయితే ఎట్లా అన్నది ఇంకా పెద్ద భయం. నాతో డ్యూటీ చేసే శ్యామలక్కకు చెప్పుకున్నాను.

"నీకెందుకే గివన్నీ? సర్టిఫికెట్లు చేతికొచ్చేదాంక నోరు మూసుకో" అన్నది.

మంచి మాటే. మంచి మాటలు వింటే నాకెందుకో ఒళ్లు మండుతుంది.

నిన్న పొద్దున తిట్ల కార్యక్రమం నడుస్తుండగా రామక్క లోపలికి వచ్చింది. చంకలో నాటుకోడి పుంజు. వెనకే కోడలు, నవ్వుతూ. ఆ నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. కోడిని చూడగానే పోయింది. మా గూడేల పద్ధతి నాకు తెలుసు: పనిలో ఉన్న పిల్ల మేలు చేస్తే కానుక పిల్లకు ఇవ్వరు, ఆమెను పెట్టుకున్న పెద్దకు ఇస్తారు.

అనుకున్నంతా అయింది. రామక్క తిన్నగా పోయి సార్ చేతుల్లో కోడిని పెట్టి, కోయలో గబగబా మాట్లాడింది. ఆమె ఎవరో గుర్తు లేకపోయినా, ఇస్త్రీ చొక్కా మీద కోడి రెక్కలు కొట్టుకుంటున్నా సార్ ఉబ్బిపోయాడు.

"చూసిండ్రా? పేషెంటంటే గిట్లుండాలె. ఏమంటుంది సుజాతా? అందరికీ వినపడేటట్టు చెప్పు."

మీ చెయ్యి మంచిదంటోంది సార్ అంటే సరిపోతుంది. కోడి కూరవుతుంది, నా ఉద్యోగం నిలుస్తుంది, సర్టిఫికెట్లు భద్రంగా ఉంటాయి. రేపు ఇంకెవరి కోడలో వస్తుంది. నేను ఉన్నదున్నట్టు చెబుతానని రామక్క నమ్మకంగా నా వైపే చూస్తోంది. శ్యామలక్క వెనక నుంచి నా మోచెయ్యి గిల్లింది.

"ఈడ ఆపరేషన్ వద్దు, భద్రాచలం పొమ్మని మీ పిల్ల చెప్పిందట సార్. ఆడ మాత్రలతోనే తగ్గిందట. ఇసొంటి పిల్లను పెట్టుకున్నందుకు మీరు సల్లగుండాలంటుంది."

సార్ చేతిలోంచి కోడి జారి బెంచీల కిందికి ఉరికింది. ఎవరూ పట్టుకోలేదు. సార్ మొహం చూసి రామక్క తడబడింది.

"అంతా చెప్పినవా బిడ్డా?" అని కోయలో అడిగింది.

"అంతా చెప్పిన పెద్దమ్మా," అని అందరికీ తెలియాలని తెలుగులోనే అన్నాను. "నడువు, బస్టాండు దాంక నేను గూడ వస్త. సర్టిఫికెట్లు ఆ బీరువాలనే ఉండనీ."