రెండో వైపు పాటలు

ఎండాకాలం ఆదివారాల్లో సోఫాలావిడ ఎనిమిదింటి దాకా లేవదు. వారంలో ఆరు రోజులు ఊళ్ళోవాళ్ళ సోఫాలకీ కుర్చీలకీ పాత బట్ట పీకి కొత్త బట్ట కుడుతుంది. నోట్లో నాలుగు మేకులు, చేతిలో సుత్తి, ఒళ్ళంతా పీచు. ఏడో రోజు మాత్రం సుత్తి మొహం చూస్తేనే చిరాకు. ఎనిమిదింటికి లేచి, టీ కాచుకుని, మూడో అంతస్తు వరండా తలుపు బార్లా తీసి, తన కోసమని కుట్టుకున్న ఒకే ఒక్క కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు ఆ రికార్డు పెట్టుకుంటుంది.

ఎవరో గాయని మొగుడితో విడిపోయిన ఏడాది పాడిన పది పాటలవి. అట్ట మీద గాయని బొమ్మ కూడా లేదు. చొక్కా తీసేసిన కొక్కెం ఒకటి ఉంది, అంతే. వాలుకుర్చీ బాగు చేయించుకున్న ఓ పెద్దాయన, "నాకిప్పుడు దీనితో పని లేదమ్మా, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాను," అని చేతిలో పెట్టి వెళ్ళాడు. విడిపోయినవాళ్ళ పాటలంటే ఏడుపు పాటలని అందరూ అనుకుంటారు. ఈ గాయనికి ఏడవడం చేతకాదు. 'నీ గొడుగు నీదే, నా వాన నాదే' అని రెండో పాట ఎంత హాయిగా పాడుతుందంటే, వినేవాళ్ళకి ఎవరో ఒకరితో విడిపోతే బాగుండుననిపిస్తుంది.

సోఫాలావిడ మొగుడు ఇల్లు వదిలి వెళ్ళిపోయాక మొదటి ఆదివారం ఆ పాట మోగుతుండగానే అతని గొడుగు మేకు మీంచి దిగింది. టకటకమని మెట్లు దిగి, గేటు దాటి, వీధిలోకి వెళ్ళింది. ఆవిడ టీ తాగుతూ చూసింది. కింద అరుగు మీద పేపరు చదువుతున్న లెక్కల మాస్టారు కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు.

"మీ ఆయన గొడుగు మలుపు తిరిగిందమ్మా," అని పైకి కేకేశారు.

"మంచిదండీ," అంది ఆవిడ.

నాలుగు వీధుల అవతల అతని అన్నగారి ఇల్లు. గొడుగు అక్కడికే వెళ్ళింది. అప్పట్నుంచి పాటకొక వస్తువు. చెప్పులు వెళ్ళాయి, గడ్డం గీసుకునే పెట్టె వెళ్ళింది, వానకోటు వెళ్ళింది. చదరంగం బలం వరస కట్టి వెళ్తుంటే రాజు ఒక్కడూ వెనకబడ్డాడు, మాస్టారే ఎత్తి మలుపు దాకా దిగబెట్టి వచ్చారు. మొగుడి కసరత్తు గుండ్లకి మూడు అంతస్తులు దిగడానికి పాట మొత్తం పట్టింది. ఆ భవనంలోవాళ్ళు ఆదివారం ఉదయం పిల్లల్ని మెట్ల మీద ఆడుకోనివ్వడం మానేశారు, అంతకుమించి ఎవరూ పట్టించుకోలేదు.

అతను వెళ్ళేటప్పుడు, "ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు," అన్నాడు. ఊపిరి పీల్చుకోవడానికి వెళ్ళినవాడు సామాను ఎందుకు వదిలాడో మరి. సామాను ఉంటే మళ్ళీ రావచ్చు, వచ్చి నాలుగు మాటలు అనవచ్చు. ఆ సౌకర్యం పాటకొకటి చొప్పున తరిగిపోతూ వచ్చింది. ఆవిడకి మాత్రం ప్రాణం తెరిపిన పడుతోంది.

కానీ ఒక్కటే చిక్కు. రెండో ఆదివారం ఆవిడ రికార్డు తిరగేసి రెండో వైపు పెట్టింది. ఆరో పాట మొదలయీ కాకముందే తోలు కుట్టే పెద్ద మిషను గడగడమని వణికింది. ఆవిడ ఒక్క గంతులో వెళ్ళి రికార్డు మీంచి ముల్లు ఎత్తేసింది. ఆ మిషను లేకపోతే ఆవిడ లేదు. తోలూ రెక్సినూ చేత్తో కుడితే ఒక్క కుర్చీకి వారం పడుతుంది, నెల తిరక్కుండా షాపు మూసుకోవాలి. అందుకని తర్వాత ఆరు ఆదివారాలు మొదటి వైపు ఐదు పాటలే విని రికార్డు అట్టలో పెట్టేసింది. మిగతావి తీరిగ్గా వింటానని అక్కతో చెప్పింది. తీరిక లేక కాదు, భయం.

ఇలాంటి కబురు కాళ్ళు లేకపోయినా పరిగెత్తుతుంది. శుక్రవారం మొగుడు ఫోన్ చేశాడు.

"ఆదివారం పదింటికి తోపుడు బండి తెస్తాను. ఆ రికార్డు రెండు వైపులా పెట్టు. మిషను నాదైతే అదే దిగి వస్తుంది. రాకపోతే మళ్ళీ ఆ గేటు తొక్కను."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే అది నాదని నీకూ తెలుసన్నమాటేగా. షాపు ఎవరి పేరు మీద ఉంది? ఊళ్ళో ఏ కుర్చీ అయినా తిప్పి చూసుకో."

అది మాత్రం నిజం. ఇంట్లోనే నడిచే ఆ షాపుకి బోర్డు లేదు, లేబుళ్ళే బోర్డు. ఏ కుర్చీ కుట్టినా అడుగున రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ లేబులు ఒకటి కుట్టి పంపడం ఆ పనిలో మర్యాద. ఆ లేబులు మీద అతని పేరు, పక్కన 'అండ్ కో' అని ఉంటుంది. అండ్ కో అంటే ఈవిడే. అతను గిరాకీలతో మాట్లాడేవాడు, బట్ట పట్టుకుని నలిపి చూసేవాడు, పని అయ్యాక తల ఊపేవాడు. కుట్టింది మొత్తం అండ్ కోనే. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా.

ఇంకా విచిత్రం ఏమిటంటే, అతను వెళ్ళి ఎనిమిది వారాలైనా ఆవిడ ఆ లేబుళ్ళే కుడుతోంది. మొన్న డాక్టరు గారి బెంచీ పూర్తి చేసి, ఆలోచన లేకుండా మిషను సొరుగులో చెయ్యి పెట్టి, చుట్టలోంచి ఒక లేబులు కత్తిరించి, అడుగున కుట్టి పంపేసింది. చుట్ట ఇంకా సగం ఉంది, పారేయడమెందుకని. చేతికి అలవాటైన పనిని మనసు అడ్డుకోదు కదా.

ఆదివారం పొద్దున్నే అక్క పుచ్చకాయ పట్టుకుని దిగింది. దిగీ దిగగానే రికార్డు అట్టని చంకలో ఇరికించుకుంది.

"ఈ ఒక్క వారం రేడియో పెట్టుకో," అంది. "నీకేం పోయింది?"

"నా ఆదివారం పోతుంది."

"మిషను పోతే సోమవారం నుంచి అన్ని వారాలూ పోతాయి. వాడు ఊళ్ళో చెప్పుకుంటాడు, చెప్పుకోనీ. నోరు నొప్పి పుట్టి వాడే మానేస్తాడు."

సోఫాలావిడ పుచ్చకాయ ముక్క తింది. గింజలు ఒక్కొక్కటే పళ్ళెంలో పెట్టింది. అక్క చెప్పింది తప్పు కాదు. తప్పు కాదు కాబట్టే ఒళ్ళు మండింది. అతను ఇంట్లో లేడు, అయినా ఆరు వారాలుగా ఐదో పాట అవగానే తను లేచి ముల్లు ఎత్తేస్తోంది. ఇంట్లో లేని మనిషికి జడిసి ఇంట్లో ఉన్న పాట మానుకోవడం కంటే సిగ్గు ఏముంటుంది?

"అట్ట ఇలా ఇవ్వు," అంది.

"వాడు పెట్టమన్నాడని పెడతావా?"

"వాడు పెట్టమన్నాడని పెట్టడం లేదక్కా. వాడు వస్తున్నాడని మానడమూ లేదు. ఇవాళ ఆదివారం, నేను పాటలు వినే రోజు. అంతే."

అక్క ఇచ్చింది. చిన్నప్పట్నుంచీ చెల్లెలి మొహంలో ఆ గీత కనిపిస్తే ఇచ్చేయడమే అక్కకి తెలుసు.

మొదటి వైపు ఐదు పాటలూ అయ్యేసరికి అతనివి మిగిలిన చిల్లర సామాను, దువ్వెనా, చెవుల్లో పెట్టుకునే దూదీ, బీరువా వెనక పడ్డ ఒక మేజోడూ, బయటికి నడిచాయి. పదయింది. కింద గేటు దగ్గర తోపుడు బండి చప్పుడు. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో తాడు పట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు అరుగు మీంచి లేవలేదు.

"రెండో వైపు పెట్టావా?" అని అతను పైకి చూసి అడిగాడు.

"టీ తాగుతున్నాను. అయ్యాక పెడతాను. నువ్వు నీడలో నిలబడు," అంది ఆవిడ వరండాలోంచి.

పెళ్ళయిన పదకొండేళ్ళలో అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు. అక్క చేతిలో కత్తి ఆగిపోయింది. కింద అతను తాడు సర్దుకుని నీడలోకి జరిగాడు.

ఆవిడ టీ ఆఖరి చుక్క దాకా తాగింది. రికార్డు తిరగేసింది. ముల్లు పెట్టింది.

ఆరో పాట మొదలైంది. మిషను వణికింది. ముందు సూది, తర్వాత చక్రం, తర్వాత ఇనప బల్ల మొత్తం. నేల మీద కిర్రుమంటూ వేలెడు దూరం తలుపు వైపు జరిగింది. అక్క పరిగెత్తుకెళ్ళి దాన్ని రెండు చేతులా కావలించుకుంది.

"ముల్లు ఎత్తవే పిచ్చిదానా."

"వదిలెయ్యక్కా."

"ఎత్తు. ఇది పోతే ఏం తిని బతుకుతావు?"

"చేత్తో కుడతాను. వారానికొక కుర్చీ కుడతాను. వదిలెయ్యి, వాడిదైతే పోనీ." ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, ముల్లు వైపు వెళ్ళకుండా.

అక్క వదిలేసి వెనక్కి తగ్గింది. మిషను ఇంకో వేలెడు జరిగింది. ఒక్క కుదుపు కుదిపింది. సొరుగు దానంతట అదే తెరుచుకుంది. అందులోంచి లేబుళ్ళ చుట్ట దొర్లి కింద పడి, గుమ్మం దాటి, మెట్టు మెట్టుకీ విప్పుకుంటూ కిందికి పోయింది. మిషను నిమ్మళించింది. చక్రం కూడా ఆగిపోయింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్కకి ముందు నవ్వొచ్చింది.

"ఊళ్ళో అందరి సోఫాల్లోనూ చెయ్యి పెట్టి సందుల్లో ఏం పడిందో వెతికి ఇచ్చేదానివి," అంది. "నీ సొరుగులో ఏముందో చూసుకోలేదుటే. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది."

ఏడో పాట మొదలైంది. కింద అతను తన కాళ్ళకి చుట్టుకున్న గుడ్డ చుట్టని విదిలించుకుంటూ, "మిషను ఏదీ?" అని అరుస్తున్నాడు. అప్పుడే మాస్టారు పేపరు పక్కన పెట్టి లేచి నిలబడ్డారు. చదరంగం రాజుని దిగబెట్టిన రోజు తర్వాత ఆయన లేచి నిలబడటం ఎవరూ చూడలేదు.

వీధి చివర్నుంచి లేబుళ్ళు వస్తున్నాయి.

ముందు డాక్టరు గారి బెంచీది వచ్చింది, కొత్తది కాబట్టి తెల్లగా. దాని వెనక మంగలి షాపు తిరిగే కుర్చీలవి నాలుగు, వెంట్రుకలు అంటుకుని. బడి నుంచి ఉపాధ్యాయుల గది కుర్చీలవి. ఫొటో స్టూడియో వెల్వెట్ సోఫాది. బస్సుల సీట్ల నుంచి, ఆఫీసుల నుంచి, పెళ్ళయిన కొత్తలో కుట్టిన ఎవరెవరి ఇళ్ళలోంచో, రంగు వెలిసి పేరు కనిపించనివి కూడా. కుట్టు తమంతట తామే విప్పుకుని, అంచున నడుస్తూ, బండ్లు వస్తే ఆగుతూ వచ్చాయి. ఎనిమిదో పాటకి సినిమా హాలువి వచ్చాయి, ఒకటి వెనక ఒకటి, వరసల ప్రకారం.

అన్నీ అతని దగ్గరికే. బండి నిండింది. జేబులు నిండాయి. చొక్కా కాలరు మీద, చేతుల మీద, జుట్టులో, ఎక్కడ చోటుంటే అక్కడ ఎక్కి కూర్చున్నాయి. అన్నిటి మీదా అతని పేరు.

"ఇవేంటి? ఇవన్నీ నాకెందుకు?" అన్నాడు అతను, నోటి మీంచి ఒకటి తీసుకుంటూ.

ఆవిడ వరండా కమ్మీ పట్టుకుని నిలబడింది. నవ్వాలి నిజానికి. నవ్వు రాలేదు, కళ్ళ నీళ్ళు వచ్చాయి. వీధి మొదలు నుంచి చివర దాకా ఎక్కడా సందు లేకుండా తెల్లగా వస్తున్న ఆ గుడ్డ ముక్కల్ని చూస్తూ, "ఇన్ని కుట్టానా అక్కా?" అంది.

"నువ్వే," అంది అక్క. తనూ ఏడుస్తోంది.

"నాకు తెలియనే తెలియదు. ఒకటి అవగానే ఇంకొకటి వచ్చేది. ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు."

కింద నుంచి మాస్టారు, "మూడు వందల దాకా లెక్కపెట్టానమ్మా, ఆ తర్వాత నా వల్ల కాలేదు," అన్నారు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. వంగి చూసింది.

"నీదేదో నువ్వు అడిగావు, వచ్చింది," అంది మొగుడితో. "మిషను రాలేదు. రెండో వైపు పెట్టమన్నది నువ్వే. ఇంక ఈ గేటు తొక్కనన్నది కూడా నువ్వే."

"వీటితో నేనేం చేసుకోను?"

"నీ పేరు. నీ ఇష్టం."

అతను తాడు వైపు చూశాడు, కట్టడానికేమీ లేదు. తర్వాత బండి తోసుకుంటూ వెళ్ళాడు. దారిలో రాలిపడ్డవి లేచి మళ్ళీ ఎక్కుతున్నాయి. మలుపు తిరిగేదాకా మాస్టారు చూస్తూనే ఉన్నారు కానీ, ఈసారి కేకేయలేదు.

తొమ్మిదో పాట సగంలో మంగలి మెట్లెక్కి పైకి వచ్చాడు, కుర్చీ మెత్త ఒకటి చంకన పెట్టుకుని. ఆదివారం అతనికి గిరాకీ వదిలి రావడం మామూలు విషయం కాదు.

"మెత్త చిరిగింది. ఎవరిని పిలవాలో అడుగున పేరు చూద్దామని తిప్పితే లేబులు లేదండీ," అన్నాడు. "సరే, కుట్టు చూశాను. ఈ కుట్టు ఎవరిదో నాకు తెలియకపోతేగా, ఏడేళ్ళుగా దాని పక్కనే నిలబడుతున్నాను. అందుకని సరాసరి ఇటే వచ్చాను."

అతని వెనక మెట్ల మీద ఇంకా ఎవరివో అడుగులు, ఏదో కుర్చీ కాలు గోడకి తగులుతున్న చప్పుడు. అక్క కంగారుగా రికార్డు వైపు వెళ్ళింది. గిరాకీ వస్తే ఆ ఇంట్లో పాట ఆపేయడం పదకొండేళ్ళ అలవాటు.

"ఉండనీ అక్కా," అంది సోఫాలావిడ.

మంగలి చేతిలోంచి మెత్త అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. లేబులు ఊడిపోయిన చోట చిన్న చదరం, చుట్టూ ఉన్న బట్ట కంటే కొత్తగా ఉంది. దాన్ని బొటనవేలితో ఒకసారి రాసింది.

"ఇలా కూర్చోండి. వెనకొచ్చేవాళ్ళని కూడా కూర్చోమనండి," అంది. "ఇంకొక్క పాట ఉంది. అది నేనింత వరకూ వినలేదు."