పొద్దుటి రక్తం

పసుపు రాకూడని చోట పసుపు వచ్చింది.

చుక్కలమ్మాయి ప్లేటును కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. అరచేతి వెడల్పు ప్లాస్టిక్ పలక, దాన్నిండా తొంభై ఆరు చిట్టి గుంతలు. ఎడమ సగం నీళ్లలా తేటగా, కుడి సగం పసుపుగా ఉండాలి. ఎనిమిది నెలలు అలాగే వచ్చింది. ఇవాళ రెండు సగాలూ ఒకే పసుపు.

పొద్దస్తమానం గుంతల్లో చుక్కలు వేస్తుందని ఆమెకు ల్యాబులో ఆ పేరు పడింది. ఒక్కో గుంతలో మనిషి రక్తం చుక్క వేసి, చచ్చిన సూక్ష్మక్రిముల ముక్కలతో దాన్ని రెచ్చగొడుతుంది. రక్తంలోని కాపలా కణాలకు కోపమొస్తే పసుపు తేలుతుంది. నలభై ఒకటో నంబరు మందు కలిపిన ఎడమ సగంలో మాత్రం కోపం రాదు. ఒంటి కాపలా కణాలే పేగుల మీద విరుచుకుపడే జబ్బుకు ఇదే విరుగుడని ల్యాబు అధిపతి నమ్మకం. అందరూ ఆయన్ని పెద్దాయన అంటారు. మందుతో హాని లేదని ముందే తేలింది. పనిచేస్తుందనడానికి సాక్ష్యం ఆ తేట గుంతలే.

అనుమతుల కాగితాల కోసం రెండు నెలలు ప్లేట్లు ఆపేశారు. రేపు పొద్దున పదింటికి మొదటి రోగికి మొదటి మోతాదు. ఆఖరి తనిఖీగా నిన్న వేసిన ప్లేటు ఇలా తగలడింది.

అప్పుడే ఫోన్ మోగింది. ఆ మొదటి రోగే. టైలరమ్మ.

"అమ్మాయ్, రేపు ఖాళీ కడుపుతో రావాలా, తిని రావచ్చా?"

"తినే రండి."

"పాత మాత్రలు మానేసి తొమ్మిది రోజులైంది. మళ్లీ పేగులు మెలిపెడుతున్నాయిలే. మిషను ముందు గంట కూర్చోలేకపోతున్నా. ఒక్క రోజేగా, పళ్లబిగువున లాగేస్తా."

ఆమె పెట్టేసింది. చుక్కలమ్మాయి మళ్లీ ప్లేటు వైపు చూసింది. కొత్త మందు కోసం పాత మాత్రలు మానమన్నది వీళ్లే. ఆ కొత్త మందు ఉత్త పిండి అయితే?

టైం ఎనిమిది. ఆమె పరుగున స్టోరుకు వెళ్లింది.

"అక్కా, నలభై ఒకటి సీసా ఎవరైనా మార్చారా?"

స్టోరు చూసే అక్క కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చింది. "నేను మార్చానంటావా, దొంగలు పడ్డారంటావా? ఏదో ఒకటి తేల్చు, దాన్నిబట్టి కోప్పడతా."

సీసా సీలు సరిగానే ఉంది, నంబరు కూడా. ప్లేట్లు పెట్టే వెచ్చటి పెట్టెలో వేడి సరిగ్గా ఉంది. చుక్కలు వేసే పరికరం కొలత తప్పలేదు. ఎక్కడ తవ్వినా ఏమీ లేదు. పెద్దాయన గదికి వెళ్లింది.

"చెయ్యి తప్పి ఉంటుంది. మళ్లీ వెయ్యి," అన్నాడాయన తలెత్తకుండా.

"తప్పితే ఒక గుంతలో తప్పుతుంది సార్. నలభై ఎనిమిదింట్లో ఒకేలా ఎలా తప్పుతుంది?"

"సాయంత్రానికి తేటగా చూపించు. రేపటిది ఆగదు."

తిరిగొచ్చేసరికి రక్తం ఇచ్చే కుర్చీలో స్టీరింగు బాబాయి కూర్చుని ఉన్నాడు, చొక్కా చెయ్యి మడిచి. ల్యాబు వ్యాను డ్రైవరు. పొద్దున్నే వ్యాను తీసేముందు ఆయన రక్తమిస్తాడు. అది మందు కలిపే గుంతలకు. భోజనాలయ్యాక స్టోరు అక్క ఇస్తుంది. అది మందు లేని గుంతలకు. ఎవరికి వీలైన వేళ వాళ్లది. ఇద్దరి ఫారాల మీదా 'ఆరోగ్యవంతులు' అనే ఉంది కాబట్టి ఎవరి రక్తమైతేనేం అనుకున్నారు.

ఆమె సూది తీసేసరికి బాబాయి వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు.

"కదలకు బాబాయ్, గుచ్చుకుంటుంది."

"గుచ్చడానికేగా పట్టుకున్నావు."

"జలుబా?"

"జలుబు కాదమ్మాయ్, చిన్నప్పటి తుమ్ములు. దుమ్ము తగిలితే చాలు. ఏళ్ల తరబడి జాడ లేకుండా పోయి ఇప్పుడు దిగబడ్డాయి. అంతా మీ పిన్ని మింగించిన మాత్రల చలవ."

"ఏం మాత్రలు?"

"నులిపురుగులకి. పాలిపోయాను, రెండంతస్తులెక్కితే రొప్పుతున్నానని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. కొంకిపురుగులున్నాయన్నాడు. పెరట్లో మడుల్లో చెప్పుల్లేకుండా తిరుగుతా కదా, అరికాళ్లలోంచి దూరాయట. ఇప్పుడు గుర్రంలా ఉన్నా. తుమ్మే గుర్రం."

"ఎప్పుడు వేసుకున్నావు?"

"నువ్వు ప్లేట్లు ఆపిన వారమే."

చుక్కలమ్మాయికి ఒక్క క్షణం సూది ఎందుకు పట్టుకుందో గుర్తురాలేదు.

పురుగు ఒంట్లో బతకాలంటే కాపలా వాళ్లు నిద్రపోవాలి. అందుకే అది నెత్తురు తాగుతూనే వాళ్లను జోకొడుతుంది. ఆ నిద్రలో దుమ్ముకు లేచే తుమ్ములూ అణిగిపోవచ్చు. ఇది చదువుకున్నదే. చదివింది ఈ కుర్చీలో కూర్చుని ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు కూడా సగం నమ్మకం, సగం అయోమయం.

స్టోరు అక్కను లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"పొద్దున నా వంతు కాదే," అంది అక్క.

"ఇవాళ నీదే."

ఈసారి ప్లేటును నాలుగు భాగాలు చేసింది. బాబాయి రక్తం మందుతో, మందు లేకుండా. అక్క రక్తం మందుతో, మందు లేకుండా. వెచ్చటి పెట్టెలో పెట్టి తలుపు మూసింది. సాయంత్రం దాకా ఆగాలి.

ఆగలేక, రక్తమిచ్చిన ప్రతిసారీ ఒక చుక్క పూసి దాచే గాజుపలకల పెట్టె దించింది. రూలు ప్రకారం పూశారు, రూలు ప్రకారం పెట్టెలో పెట్టారు, ఒక్కరూ చూడలేదు. ఆర్నెల్ల కిందటి బాబాయి పలకను మైక్రోస్కోపు కింద పెట్టింది. పురుగులు చేరితే పెరిగే తెల్లకణాలు కొన్ని ఉంటాయి. రంగు వేస్తే వాటి నిండా నారింజ రవ్వ పోసినట్టు కనిపిస్తుంది. వంద తెల్లకణాలు లెక్కపెట్టింది. అవి ఇరవై రెండు. తప్పు లెక్కేమోనని మళ్లీ మొదలుపెట్టింది. ఇరవై మూడు. అక్క పలకలో రెండు. ఇవాళ్టి బాబాయి పలకలో ఆరు.

నాలుగింటికి ప్లేటు తీసింది. నాలుగు భాగాలూ పసుపే.

పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఎనిమిది నెలలు తేటగా వచ్చిన గుంతలు ఒక్క ప్లేటుతో అబద్ధమైపోతాయా?"

"గుంతలు అబద్ధం కాదు సార్. కోపాన్ని అణిచింది మందు కాదు, బాబాయి పొట్టలోని పురుగులు. అక్క రక్తంలో మందు ఎప్పుడూ వేయలేదు మనం. ఇవాళే వేశాం."

"రేపు మోతాదు మొదలుపెట్టి, పక్కన ఇదీ తేల్చుకుందాం."

"ఆమె తొమ్మిది రోజులుగా మాత్రలు లేకుండా ఉంది. పిండి కోసం ఇంకెన్ని రోజులు ఉండమందాం?"

ఆయన ఆమె రాసిన లెక్కలు చూసి మైక్రోస్కోపు దగ్గరికి వచ్చాడు. పాత పలక మీదికి వంగి తానే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, పెదాలు కదుపుతూ. చాలాసేపు పట్టింది. లేచి, బల్ల మీది ఫోన్ ఆమె వైపు జరిపి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

చుక్కలమ్మాయి ముందు టైలరమ్మ డాక్టరుకి చేసింది, తర్వాత టైలరమ్మకి.

"రేపు రావద్దండి. మీ డాక్టరుగారు పాత మాత్రలు ఈ పూటే మొదలుపెట్టమన్నారు."

అటువైపు మిషను చప్పుడు ఆగింది. "ఏం, నేను పనికిరానా?"

"మీరు కాదు, మా మందు. దాన్ని ఇవాళే మొదటిసారి పరీక్షించాం. పనిచేయలేదు."

"ఇవాళే మొదటిసారా? మరి ఇన్ని నెలలుగా ఏం పరీక్షించారు తల్లీ?"

కింద ఆవరణలో స్టీరింగు బాబాయి వ్యాను సీట్లు దులుపుతూ ఎడాపెడా తుమ్ముతున్నాడు. మధ్యలో తలెత్తి కిటికీ వైపు చూశాడు.

"అమ్మాయ్, ఇంతకీ ఆ పురుగులు మంచివా, చెడ్డవా?" అని అరిచాడు.

ఆమె కిటికీ వైపు చెయ్యెత్తి ఆగమంది.

"మీరు ముందు మాత్ర వేసుకోండి," అంది ఫోన్‌లో. "వేసుకున్నాక చెప్తాను."

నీళ్లు వంపుకుంటున్న చప్పుడు వినబడేదాకా పెట్టేయలేదు.